రెండు పున్నముల ముందు

ఆ ఆదివారం జ్ఞానప్రకాశం అయ్యగారు ప్రసంగం ముగించి, కళ్ళజోడు తుడుచుకుని, ప్రకటనల కాగితం తీశారు.

"వచ్చే బుధవారం భస్మ బుధవారమండి. శ్రమకాలం మొదలు. సాయంత్రం ఆరింటికి ఆరాధన ఉంటుంది, అందరూ రావాలి."

ఆడవాళ్ళ వైపు మూడో చాప మీద కూర్చున్న లీలావతి తల ఎత్తలేదు. పమిట కింద చేయి పెట్టుకుని వేళ్ళ కణుపులు లెక్కపెట్టింది. భస్మ బుధవారం పన్నెండో తేదీ. అక్కణ్ణించి ఈస్టరుదాకా శ్రమకాలం నలభై రోజులు, లెక్కలోకి రాని ఆదివారాలు ఆరు. నలభై ఆరు. ఫిబ్రవరిలో పదహారు పోతే మార్చిలో ముప్పై. మార్చి ముప్పై ఈస్టరు. మళ్ళీ లెక్కపెట్టింది. మళ్ళీ ముప్పయ్యే వచ్చింది.

పోయినేడు ఏప్రిల్ పద్నాలుగు. ఈస్టరు ముందుకీ వెనక్కీ జరుగుతుందని ఆమెకు పుట్టినప్పటి నుంచీ తెలుసు. కానీ పదిహేను రోజులు ముందుకు జరుగుతుందని ఎప్పుడూ అనుకోలేదు.

ఆమె చల్లిన పూలగింజలు మట్టిలో పడి ఆ రోజుకి మూడు రోజులు. ఈస్టరు నాటికి యాభై రెండు రోజులవుతాయి. ఆ మొక్క పూయడానికి అరవై కావాలి. ఇది ఎవరో చెప్పిన మాట కాదు, పోయినేడు ఆమె తన నోటుపుస్తకంలో తనే రాసుకున్న లెక్క.

పక్కన కూర్చున్నావిడ లేచి పాట అందుకున్నాక గానీ లీలావతి లేవలేదు.

*

రాజోలు దగ్గర కాలవగట్టు పల్లెలో వాళ్ళ ఇల్లు. భర్త ప్రకాశరావు ఎలిమెంటరీ స్కూలు మేష్టరు. లీలావతి అమలాపురంలో వృక్షశాస్త్రం చదివి బి.యస్సీ పాసయ్యింది. ఆ ఇంటికి కోడలిగా వచ్చి నాలుగేళ్ళు. డబ్బాల మీద చీటీలు అంటించేది, పాలవాడు వచ్చిన వేళ రాసేది, ఏ చెట్టు ఎప్పుడు కాసిందో తేదీ వేసేది. అత్తగారు ఎలీసమ్మకు చదువు రాదు. అయినా కోడలి నోటుపుస్తకం అంటే ఆవిడకు గౌరవం. ఎవరైనా వస్తే, "మా లీలమ్మ రాసి పెడతాది లెండి," అని చూపించేది.

ఆ ఇంటి ముందు ఒక పొడుగాటి మడి ఉంది. ఏడాదికొకసారి అందులో ఎర్రవీ, నారింజవీ, గులాబీరంగువీ పూలు పూస్తాయి. పుస్తకంలో వాటి పేరు జినియా. ఇంట్లో మాత్రం మిస్సమ్మ పూలంటారు. ఎలీసమ్మకు పదహారేళ్ళప్పుడు పల్లెలో కలరా వచ్చి, ఒకే వారంలో పదకొండుమంది పోయారు. వాళ్ళవాళ్ళలో మిగిలినవాళ్ళు ఒక్కొక్కరే రంగూనుకి పడవలెక్కి వెళ్ళిపోయారు. మిషను ఆసుపత్రి చూసే మిస్సమ్మగారు స్వదేశం వెళ్తూ ఎలీసమ్మ దోసిట్లో గుప్పెడు గింజలు పోసి, ప్రతి ఈస్టరు తెల్లవారుజామున ఆ పదకొండు దిబ్బల మీదా పూలుండేలా చూడమంది. అందరూ తమవాళ్ళ సమాధుల మీద పూలు పెట్టుకుంటారు, వీళ్ళకు పెట్టేవాళ్ళు లేరని. ఎలీసమ్మ సరేనంది. ఆ సరేనన్నది నలభై రెండేళ్ళు తప్పలేదు. పెళ్ళయిన ఏడూ, భర్త పోయిన ఏడూ కూడా తప్పలేదు.

ఈసారి సంక్రాంతి వెళ్ళగానే ఎలీసమ్మకు కంటి ఆపరేషన్ అయింది. కుడికంటికి శుక్లం తీశారు. ఎడంకన్ను అప్పటికే మసక. వంగకూడదు, దగ్గకూడదు, పొయ్యి దగ్గరికి పోకూడదు, మనసు కష్టపెట్టుకోకూడదు అని డాక్టరు చెప్పాడు. రెండు కళ్ళకీ కట్టుతో ఆవిడ నడిమింట్లో మంచం మీద వెల్లకిలా పడుకుని ఉండేది.

అలా ఉండగానే జనవరి ఇరవై ఏడున పిలిచింది.

"లీలమ్మా, ఇవాళ పున్నమి కదూ?"

"ఏమోనండి అత్తయ్యగారూ. మీకెలా తెలిసింది?"

"అచ్చాయమ్మ చేపలు తెచ్చింది కదా పొద్దున్న, సముద్రం పోటు గట్టుదాకా వచ్చిందంది. పున్నమే. ఇవాళ మిస్సమ్మ పూలు చల్లెయ్యాలమ్మా. ఈస్టరు పున్నమికి రెండు పున్నములు ముందు చల్లాలి. నా మూట చూరులో ఉంది, తీసుకో."

లీలావతికి నవ్వొచ్చింది. పున్నములూ అమావాస్యలూ చూసి పనులు చేయొద్దని అయ్యగారు మొన్న మొన్ననే గట్టిగా చెప్పారు. అదీ కాక, పోయినేడు ఈ గింజలు చల్లినరోజు ఆమెకు బాగా గుర్తు. అంతర్వేది తీర్థం జనంతో బస్సులు కిక్కిరిసి వెళ్తున్నాయి. ఈ ఏడు తీర్థానికి ఇంకా నెల్లాళ్ళుంది. కట్టు కట్టుకుని పడుకున్న మనిషి, రోజులు తప్పి ఉంటాయి అనుకుంది. నోటుపుస్తకం తీసి చూసింది. "ఫిబ్రవరి 6, బుధవారం. జినియా చల్లిరి." పోయినేడు ఆమె తేదీ రాసుకుంది గానీ ఆకాశంలోకి చూడలేదు. పైగా బయట పొద్దున్నే మంచు కొబ్బరాకుల మీంచి చినుకుల్లా కారుతోంది. ఈ తేమలో గింజ కుళ్ళుతుందని చదువు చెప్పింది.

మంచం మీది మనిషితో వాదన పెట్టుకోకూడదు. అందుకని, "అలాగేనండి," అంది.

సాయంత్రం ఎలీసమ్మ మళ్ళీ అడిగింది. "చల్లేవా?"

"ఆయ్, చల్లేనండి."

"ఇసక కలిపేవా?"

"కలిపేనండి. గుప్పెడు గింజకి మూడు గుప్పెళ్ళు."

"లోతుగా పోలేదు కదా? వేలి గోరంతే."

"గోరంతేనండి. పైన ఒండ్రు జల్లి, ఎండుగడ్డి పరిచేను."

"చీమలకి?"

"చుట్టూ బూడిద గీసేనండి."

"నా తల్లే," అని ఎలీసమ్మ చేయి చాపింది. లీలావతి ఆ చేతిలో తన చేయి పెట్టింది. తన వేళ్ళకు మట్టి లేదు. అత్తగారు ఆ వేళ్ళు తడిమి, "కడిగేసుకున్నావా అప్పుడే," అంది. "ఆయ్," అంది లీలావతి.

తరవాత పది రోజులకు, ఫిబ్రవరి ఆరున, తాను చెప్పినవన్నీ చెప్పినట్టే చేసింది. మూడు గుప్పెళ్ళ ఇసక, గోరంత లోతు, ఒండ్రు, గడ్డి, బూడిద. ఆ గింజలు నారు పోసి నాటేవి కావు, వేరు కదిపితే మొక్క అలుగుతుంది, ఎక్కడ పూయాలో అక్కడే చల్లాలి. జానెడు ఎడంగా సరిచూసి చల్లింది. అప్పుడామెకు తప్పు చేసినట్టే అనిపించలేదు. అబద్ధాన్ని నిజం చేసేశాననుకుంది.

మూడు రోజులకు అయ్యగారు ప్రకటన చదివారు.

*

గుడి నుంచి ఇంటికి వచ్చే దారిలో లీలావతి భర్తను అడిగింది. "ఏమండీ, ఈస్టరు ఏడాదికో తేదీకి ఎందుకొస్తుందండీ?"

"అదేంటి, తెలీదా? మార్చిలో పగలూ రాత్రీ సమానమైన తరవాత వచ్చే పున్నమి చూసి, ఆ తరవాతి ఆదివారం పెడతారు."

"పున్నమా?"

"పున్నమే మరి. బి.యస్సీలో చెప్పలేదా?" అని ప్రకాశరావు నవ్వాడు.

లీలావతి నవ్వలేదు. చదువు రాని మనిషి ఏ పంచాంగం చూడకుండా నలభై రెండేళ్ళు ఆ లెక్క తప్పలేదు. పోయినేడు ఈస్టరు పున్నమికి రెండు పున్నముల ముందుది అంతర్వేది తీర్థం నాటి పున్నమి. ఈ ఏడు తీర్థానికి నెల ముందొచ్చిన పున్నమి. అంతే తేడా.

ఆరోజే చెప్పేస్తే సరిపోయేది. చెప్పడానికి నడిమింట్లోకి వెళ్ళింది కూడా. ఎలీసమ్మ కట్టు విప్పి, పచ్చగుడ్డ నీడ కట్టుకుని కూర్చుంది. వెలుతురు తప్ప మనిషి ఆనవాలు తెలియడం లేదు. కళ్ళజోడు ఇంకా రావాలి.

"మొలిచేయా అమ్మా? పదమూడు రోజులయ్యింది. రెండాకులు వేసుండాలి."

"వేసేయండి," అంది లీలావతి.

ఆ మాట నోట్లోంచి వచ్చాక చెప్పడం ఇంకా కష్టమైంది. రోజూ పొద్దున్నే అదే ప్రశ్న. నాలుగాకులు వేసేయా? వేసేయండి. తల తుంచేవా? తుంచేనండి. ప్రతిరోజూ లీలావతి ఒకే మడిని రెండు వయసులతో మోసేది. ఒకటి కళ్ళ ముందు ఉన్నది, ఒకటి అత్తగారికి చెప్పేది.

మొక్కల్ని తొందర పెడదామని చూసింది. చేపలు కడిగిన నీళ్ళు పోసింది. చాలదని భర్త కొబ్బరిచెట్లకు తెచ్చిన యూరియా సంచిలోంచి చిటికెడు చిటికెడు వేసింది. అది ఆకును పెంచుతుంది గానీ పువ్వును కాదని ఆమె చదువుకుంది. చదువుకుని కూడా వేసింది. మొక్కలు నిగనిగలాడుతూ మోకాలెత్తు పెరిగాయి. మొగ్గ మాత్రం లేదు.

మార్చి రెండోవారంలో ఎలీసమ్మకు కళ్ళజోడు వచ్చింది. మందపాటి అద్దాల వెనక ఆవిడ కళ్ళు రెండింతలై, చిన్నపిల్ల కళ్ళలా ఆశ్చర్యంగా కనిపించేవి. పెట్టుకున్న వెంటనే కొడుకునీ కోడల్నీ కూడా సరిగా చూడకుండా మడి దగ్గరికి నడిచింది.

అప్పుడే అచ్చాయమ్మ చేపలబుట్ట దింపుతోంది. సముద్రం ఒడ్డు మనిషి, ఆవిడ గొంతు నాలుగిళ్ళవతలికి వినపడుతుంది.

"ఎలీసమ్మగారూ, కళ్ళొచ్చేయా? ఇందాకణ్ణించీ చూస్తున్నాను, పూలు పెంచుతున్నారా తోటకూర పెంచుతున్నారా? కోసి పప్పులో వేసేసుకోండి, రొయ్యలు నేనిస్తాను."

"నీ నోరు పడిపోను, ముందు నా మొక్కల్ని చూసుకోనీ," అంది ఎలీసమ్మ. అని వంగబోయి, వంగకూడదని గుర్తొచ్చి, ఒక కొమ్మ తలను చేత్తో దగ్గరికి లాక్కుంది. ఇంకో కొమ్మ. వరస చివరిదాకా వెళ్ళింది.

"ఒక్క మొగ్గ లేదే అమ్మా! నలభై ఐదు రోజులు దాటిపోయేయి."

లీలావతి నోరు తెరిచింది. అచ్చాయమ్మ చూస్తోంది. మూసుకుంది.

"గింజ చచ్చిపోయింది," అంది ఎలీసమ్మ. "ఆకేస్తాది, పువ్వెయ్యదు. గింజ ముసల్దయిపోయింది. పోయినేడు కళ్ళు సరిగా ఆనక ఏ తాలుపువ్వుల గింజ తీసేనో. నా తప్పే."

"ఏం కాదులెండి, పూస్తాయి," అంది లీలావతి.

*

మట్టల ఆదివారం నాడు గుడి నిండా కొబ్బరి మట్టలు ఊపి ఇంటికొచ్చాక, ఎలీసమ్మ చూరులోంచి గింజల మూట తీయించింది. మడిలో చల్లగా మిగిలిన గింజ, పాత తెల్లగుడ్డలో, వేపాకు పొడితో కట్టినది. కోడలి చేతికిచ్చింది.

"పొయ్యిలో పడెయ్యమ్మా."

"ఎందుకండీ?"

"చచ్చిన గింజ ఇంట్లో ఎందుకు? ఎవరైనా అడిగితే ఇచ్చి, వాళ్ళ మడి కూడా పాడుచేసినట్టవుతాది. వచ్చే ఏడు నువ్వే పుస్తకం చూసి మంచి గింజ తెప్పించు. నాకు కళ్ళూ పోయేయి, చెయ్యీ తప్పింది. చదువుకున్నదానివి, నువ్వు చూసుకో."

లీలావతి మూట పట్టుకుని వంటింట్లోకి వెళ్ళింది. పొయ్యిలో గుప్పెడు కొబ్బరిపీచు వేసింది, భగ్గుమంది. నడిమింట్లోంచి ఎలీసమ్మ ఆ వెలుగు చూసింది. మూట మాత్రం ఆ రాత్రి లీలావతి పెట్టెలో, పెళ్ళి చీర కిందికి చేరింది. అది నాలుగో అబద్ధమో, నలభయ్యోదో ఆమెకు తెలియలేదు. నోటుపుస్తకంలో అలాంటివి రాసుకోదు.

రాత్రి అన్నం సయించలేదు. "ఒంట్లో బాగోలేదా?" అని ప్రకాశరావు అడిగాడు. బాగానే ఉందంది.

మంచి శుక్రవారం సాయంత్రం ప్రకాశరావు రాజోలు సంతలో బంతిపూలు కొనుక్కొచ్చాడు. ఎలీసమ్మ బుట్టలో చేయి పెట్టి, వాసన చూసింది. శనివారమంతా కూర్చుని, ఆ పూలను పదకొండు వాటాలు చేసింది.

*

ఈస్టరు తెల్లవారుజామున ఊరంతా కొవ్వొత్తులతో సమాధుల తోటకు నడిచింది. మంచు లేదు. కాలవ మీంచి చల్లగాలి వస్తోంది, దీపాలకు అందరూ చేతులు అడ్డం పెట్టుకున్నారు. అయ్యగారు ప్రార్థన చేశారు, పాట పాడారు. తరవాత ఎవరివాళ్ళ దగ్గరికి వాళ్ళు వెళ్ళారు.

ఎలీసమ్మ కంచెవారగా ఉన్న పదకొండు దిబ్బల దగ్గరికి నడిచింది. లీలావతి బుట్ట పట్టుకుని వెనకే వెళ్ళింది. ఏటా ఎలీసమ్మ పూలు పెట్టి, పేరు పిలిచి, ముందుకు సాగేది. ఈసారి మొదటి దిబ్బ దగ్గరే ఆగిపోయింది.

"సాలమోను బాబాయా," అంది. "ఈ ఏడు మిస్సమ్మ పూలు లేవు. సంతపూలు తెచ్చేను. గింజ చచ్చిపోయింది. నా తప్పే. ఏమనుకోకు."

బంతిపూలు పెట్టింది. రెండోదాని దగ్గరికి వెళ్ళింది.

"దానమ్మత్తా, ఈ ఏడు మిస్సమ్మ పూలు లేవు. గింజ చచ్చిపోయింది. నా తప్పే."

మూడోది చిన్న దిబ్బ. ఎలీసమ్మ దాని ముందు నిలబడి, మందపు అద్దాలు తీసి పమిటతో తుడుచుకుంది. "సత్తియ్యా," అంది. అది అయిదేళ్ళ పిల్లాడిదని లీలావతికి తెలుసు. "నాన్నా, ఈ ఏడు..."

"అత్తయ్యగారూ!"

ఎలీసమ్మ ఆగింది.

"గింజ చావలేదండి. నేనే పున్నమికి చల్లలేదు. మీకు చల్లేనని చెప్పేను గానీ, పది రోజుల తరవాత చల్లేనండి. పోయినేటి తేదీ చూసి."

చుట్టుపక్కల రెండు మూడు దీపాలు ఇటు తిరిగాయి. లీలావతి గొంతు తగ్గించలేదు. తగ్గిస్తే మళ్ళీ చెప్పలేనని భయం.

ఎలీసమ్మ అద్దాలు పెట్టుకుని కోడలి ముఖం చూసింది. కళ్ళొచ్చాక ఆ ముఖాన్ని అంత సేపు చూడడం అదే మొదలు.

"ఇసక కలిపేనన్నావు."

"తరవాత కలిపేనండి."

"బూడిద గీసేనన్నావు."

"అదీ తరవాతేనండి."

"అయితే గింజ మంచిదేనా?"

"మంచిదేనండి. పదింట తొమ్మిది మొలిచేయి."

ఎలీసమ్మ ఊపిరి వదిలింది. పక్కనున్న కంచెకర్ర పట్టుకుంది. అంతలోనే ఏదో గుర్తొచ్చినట్టు ఆవిడ ముఖం నల్లబడింది. "మూట కాల్పించేసేనే!"

"కాల్చలేదండి. నా పెట్టెలో ఉంది. పొయ్యిలో పీచు వేసేను."

"అదీ అబద్ధమేనన్నమాట."

"ఆయ్."

"ఇంకా ఏమైనా ఉన్నాయా?"

లీలావతి తల దించుకుంది. "యూరియా వేసేనండి."

"అందుకా ఆ తోటకూర!" అంది ఎలీసమ్మ. నవ్వలేదు. కాళ్ళ దగ్గర కొవ్వొత్తి మైనం కారి మట్టిలో గడ్డకడుతోంది. లీలావతి, "నన్ను క్షమించండి అత్తయ్యగారూ," అంది.

"నాకెందుకు చెప్తావు? ఆ పూలు నాకా? వీళ్ళకి చెప్పు. నలభై రెండేళ్ళలో మొదటిసారి నోరు విప్పి నా తప్పని ఇద్దరికి అబద్ధం చెప్పేను. ముందు ఆ ఇద్దరి దగ్గరికీ వెళ్ళి నాది కాదని చెప్పు. తరవాత మిగిలినోళ్ళకి చెప్పు."

లీలావతి వెనక్కి, మొదటి దిబ్బ దగ్గరికి వెళ్ళింది. ఎలీసమ్మ అక్కణ్ణించే పేర్లు అందించింది. లీలావతి ఒక్కొక్క పేరూ పిలిచి, పున్నమినాడు చల్లలేదని, చల్లేనని అబద్ధమాడేనని చెప్పింది. పదకొండోది పూర్తయ్యేసరికి తెల్లారిపోయింది. జనం అల్పాహారానికి గుడి వైపు వెళ్ళిపోతున్నారు. కొందరు ఆగి చూశారు. ప్రకాశరావు దూరంగా తండ్రి సమాధి దగ్గర నిలబడి చూశాడు. దగ్గరికి రాలేదు.

ఇంటికొచ్చి చూస్తే, ఎలీసమ్మ వారం రోజులుగా తొంగిచూడని మడిలో మొగ్గలు ఆకుపచ్చగా, గట్టిగా, ఉసిరికాయల్లా ఉన్నాయి. ఒకదాని కొసన ఎర్రటి గీత.

*

ఏప్రిల్ తొమ్మిది, బుధవారం. మడంతా పూసింది. యూరియా తిన్న కాడలు బారెడు సాగి, పువ్వు బరువుకు పక్కలకు వాలుతున్నాయి. ఎలీసమ్మ కుర్చీ వేయించుకుని కూర్చుని, ఏవి కోయాలో చేత్తో చూపించింది.

"గోడవార వరస ముట్టుకోకు. అది గింజకి."

"నేను తీసి ఆరబెడతానండి," అంది లీలావతి.

"వద్దులే. నేనే తీసుకుంటాను." ఆవిడ గొంతులో కోపం లేదు.

బుట్ట నిండాక ఎలీసమ్మ లేవలేదు. "నువ్వే వెళ్ళిరా. ఎండ నా కళ్ళకి పడదు."

పది గంటలప్పుడు, అందరూ పనుల్లో ఉండగా, లీలావతి పూలబుట్టతో కాలవగట్టు మీద నడిచింది. ఎదురుగా అచ్చాయమ్మ ఖాళీబుట్ట నెత్తిమీద బోర్లించుకుని వస్తోంది.

"ఏటండీ లీలమ్మగారూ, పండగై పది రోజులైపోయింది, ఇప్పుడు పట్టుకెళ్తన్నారు పూలు? మీవాళ్ళకి రెండో ఈస్టరుందా?"

వేరే మాట చెప్పి నవ్వేసి పోవచ్చు. లీలావతి ఆగింది.

"అత్తయ్యగారు పున్నమికి చల్లమన్నారు. నేను చల్లలేదు. ఆలస్యంగా చల్లి, చల్లేనని అబద్ధం చెప్పేను."

అచ్చాయమ్మ బుట్ట దించింది. "మరి ఆవిడ నాచేత పోటు సంగతి మూడుసార్లు చెప్పించుకుందే, ఆరోజు? కళ్ళకి కట్టు కదా, నీ నోటి మీద నమ్మకం అచ్చాయమ్మా, తప్పు చెప్పకే, అని ఒట్టేయించుకుంది కూడాను."

లీలావతికి ఆ సంగతి తెలియదు.

"అయ్యో, ఏడవకండి, పూలు బాగా పూసేయిగా," అని అచ్చాయమ్మ బుట్ట ఎత్తుకుని వెళ్ళిపోయింది.

సమాధుల తోటలో ఎవరూ లేరు. బంతిపూలు ఎండి నల్లబడ్డాయి. లీలావతి వాటిని ఏరి కంచె అవతల పోసి, ఒక్కొక్క దిబ్బ మీదా మిస్సమ్మ పూలు పెట్టింది. పేర్లు అందించడానికి అత్తగారు లేదు. పది గుర్తొచ్చాయి. ఒకటి రాలేదు. ఆ దిబ్బ దగ్గర చాలాసేపు నిలబడి, పేరు లేకుండానే పెట్టి వచ్చింది.

ఇంటికి వచ్చేసరికి ఎలీసమ్మ నీడలో కూర్చుని ఉంది.

"ఎనిమిదోవారి పేరు మర్చిపోయేనండి," అంది లీలావతి.

"అబ్బులు. పడవ నడిపేవోడు." ఎలీసమ్మ అద్దాలు సరిచేసుకుంది. "పూలు పెట్టేవా?"

"పెట్టేనండి."

ఎలీసమ్మ కోడలి చేయి అందుకుని, బొటనవేలితో ఆమె వేళ్ళకొసలు ఒక్కొక్కటే తడిమింది. గోళ్ళ సందుల్లో దిబ్బల మట్టి ఇంకా ఉంది.

"ఊఁ," అని చేయి వదిలేసింది.